సీలు తీసిన పదిహేడో సంచిక

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఉతకడానికి బట్టలు వేసేవాళ్ళకి ఆయన డ్రైక్లీనింగాయన. పాత బొమ్మల పుస్తకాలు పోగేసే నలుగురైదుగురికి మాత్రం డాక్టరు. కోట్ల మీద నూనె మరకలు తీసిన చేత్తోనే ఆయన అరవై ఏళ్ళనాటి కామిక్కుల మీద టీ చుక్కలూ, పిన్నుల తుప్పూ, పిల్లలు పెన్సిలుతో రాసుకున్న పేర్లూ తీసేవాడు. మడతపడ్డ అట్టని రెండు పలచటి కాగితాల మధ్య పెట్టి, ఇస్త్రీ యంత్రం కింద సన్నటి వేడి మీద ఓ పూట ఉంచితే, నిన్ననే అచ్చయినట్టు బయటికొచ్చేది. "మీ చెయ్యి పడితే ముసలి పుస్తకం కూడా పెళ్ళికొడుకైపోతుందండీ" అనేవాళ్ళు వాళ్ళు. ఆ మాటకి మాత్రం ఆయన నవ్వేవాడు. మిగతా దేనికీ నవ్వే మనిషి కాదు.

పెళ్ళి చేసుకోలేదు. చేసుకుందామంటే చేతిలో ఎప్పుడూ డబ్బు నిలవలేదని ఆయన చెప్పేవాడు. నిలిచిందంతా పుస్తకాల పెట్టెలోకే పోయిందని ఆయన చెల్లెలు చెప్పేది.

షాపు ముందు భాగంలో ఒక కౌంటరు. దాని వెనక, సీలింగు కింద, షాపు పొడవునా తిరిగే ఇనప గొలుసు. ఆ గొలుసుకి ప్లాస్టిక్ కవర్లు తొడిగిన కోట్లూ, చొక్కాలూ, గౌన్లూ వరసగా వేలాడుతుండేవి. మీట నొక్కితే గొలుసు కిర్రుమని కదిలి, కావలసిన నంబరు బట్టని కౌంటరు దగ్గరికి తెచ్చి ఆగేది. ఇక వెనక, తలుపు లేని ఒక గది. అందులో ఇస్త్రీ యంత్రం, పెద్ద బల్ల, బల్ల మీద కంప్యూటరు, గోడకి బిగించిన ఇనప్పెట్టె. ఆయన బతుకంతా ఆ గదిలోనే గడిచింది.

ఆ శుక్రవారం నాలుగున్నరకే వాన పట్టుకుంది. ఈ వానలో ఇక ఎవరొస్తార్లే అని షట్టరు సగం దించి, వెనక గదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏడున్నరకి వేలం ముగుస్తుంది. ఈసారి వేలంలో ఉన్నది ఆయన సొంత పుస్తకం.

'తోకచుక్క దొర', పదిహేడో సంచిక.

తోకచుక్క మీద సవారీ చేస్తూ, తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టే ఓ టోపీ దొర కథలవి. పిల్లలు వాటిని చిరిగిపోయేదాకా చదివారు. అందుకే ఇప్పుడు చిరగని కాపీ దొరకదు. అందులోనూ పదిహేడోది మరీ అరుదు. అచ్చయిన వారానికే ప్రెస్సువాళ్ళ గోడౌన్లోకి నీళ్ళొచ్చి, కట్టలకి కట్టలు తడిసి ముద్దయిపోయాయి. అప్పటికే దుకాణాలకి వెళ్ళినవే మిగిలాయి. ఇరవై ఏళ్ళుగా ఆ సంచిక ఎక్కడ, ఎప్పుడు, ఎంతకి పోయిందో ఆయనకి కంఠతా వచ్చు. మొదట్లో ఓ సైకిలు ధర. తర్వాత మోటారు సైకిలు ధర. రెండేళ్ళ కిందట అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి చిన్న కారు ధరకి పోయింది.

ఆయన దగ్గరున్నది అట్ట ఊడినది కాదు. ఆరు నెలల కిందట, పుస్తకాలకి మార్కులు వేసే సంస్థకి పంపితే, వాళ్ళు పదికి తొమ్మిది వేశారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చుట్టూ సీలు వేసి తిప్పి పంపారు. ఆ సీలు ఉన్నంతకాలమే ఆ తొమ్మిది. డబ్బా కోసి పుస్తకాన్ని చేత్తో పట్టుకుంటే మార్కులూ పోతాయి, ధరా పోతుంది. ఇక దాన్ని ఎవరూ చదవరు. చదవకుండా ఉన్నందుకే అంత ఖరీదు.

సంస్థకి పంపేముందు పేజీల మూలలన్నీ సాపు చేసి, ఆయన ఇంకో పని కూడా చేశాడు. మొదటి పేజీ మూల, పెన్సిలుతో, వంకర అక్షరాల్లో ఒక పేరుండేది. పిచ్చుక అని. మెత్తటి రబ్బరు పట్టుకుని, వేలెడంత జాగా మీద రెండు గంటలు కూర్చుని, ఆ పేరు తీసేశాడు.

పిచ్చుక అంటే ఆయన చెల్లెలే. అది ఇంట్లో పెట్టిన ముద్దుపేరు.

చిన్నప్పుడు ఆ పుస్తకాలు ఇద్దరివీ. ఆమెకి అప్పటికింకా చదవడం రాదు. ఇద్దరూ భోజనాల బల్ల కింద దూరి, పుస్తకం చెరో సగం చెరో మోకాలి మీదా పరుచుకునేవాళ్ళు. అన్నయ్య చదవాలి, చెల్లెలు పేజీ తిప్పాలి. అదీ ఒప్పందం. ఆమె ప్రతిసారీ వేలు నాలుకకి తడిచేసుకుని తిప్పేది. "తడి చెయ్యకే, కాగితం పాడవుద్ది" అని నెత్తిమీద మొట్టేవాడు. ఆమె తల రుద్దుకుంటూ, ఏడుపు దిగమింగి, "తర్వాత?" అనేది.

అమ్మానాన్నలు పోయాక, ఇల్లు ఖాళీ చేసే రోజున ఆమె గిన్నెలడగలేదు, బీరువా అడగలేదు. "ఆ పుస్తకాల పెట్టె నాకిచ్చెయ్యవా అన్నయ్యా?" అంది. అప్పటికే ఆయనకి వేలాల సంగతి తెలుసు.

"అదా! ఎప్పుడో చెదలు పట్టిందే. పారేశాను" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

ఆమె నమ్మింది. పెట్టె అప్పటికే షాపులో ఉంది. పదిహేనేళ్ళలో ఒక్కొక్కటే అమ్ముడుపోయింది. చివరికి పదిహేడోది ఒక్కటే మిగిలింది.

నాలుగు నెలల కిందట ఆమె ఆస్పత్రిలో పడింది. ఇక లేవదని అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. ఓ రోజు ఫోను చేసింది. "అన్నయ్యా, ఏ మూలైనా ఒక్కటి మిగిలుంటుందేమో చూడవూ? ఆ మంచు ఊరి కథ ఉండేదే, పదిహేడోది... అట్ట లేకపోయినా పర్లేదు. ఒక్కసారి చదువుకుని ఇచ్చేస్తాను."

"ఉంటే ఇవ్వనా పిచ్చుకా? ఒట్టు. ఒక్కటీ లేదు" అన్నాడు. అంటున్నప్పుడు ఆ పుస్తకం ఆయన చేతికందేంత దూరంలో ఉంది.

ఆ తర్వాత ఆస్పత్రి వైపే వెళ్ళలేదు. వెళితే మళ్ళీ అడుగుతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెల గడిపేశాడు. నెల తిరిగేసరికి ఆమె పోయింది. ఆఖరి చూపుకి వెళ్ళి పది నిమిషాలు నిలబడి వచ్చాడు. చెల్లెలి భర్త ఆయన వైపు తలెత్తి చూడను కూడా లేదు.

అదీ జరిగింది. ఇప్పుడు మూడు నెలలయింది. అడిగే మనిషి లేదు కాబట్టి పుస్తకం వేలానికి పెట్టాడు.

అయిదున్నరకి ధర నాలుగు లక్షల దగ్గర నడుస్తోంది. ఇద్దరు పోటీ పడుతున్నారు. ఆ సైటులో పేర్లు కనిపించవు, నంబర్లే. ఆయన ఫ్లాస్కులోంచి టీ వంపుకుని, తాపీగా తాగుతూ చూస్తున్నాడు. షాపు ముందు భాగంలో లైటు తీసేశాడు. వాన చప్పుడుకి తోడు, సగం తెరిచిన షట్టరు కిందనుంచి గాలి వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్ కవర్లు గుసగుసలాడుతున్నాయి.

ఉన్నట్టుండి మూడో నంబరొకటి దిగింది. అరవైరెండు. దిగడం దిగడమే ఏడు లక్షలు.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. వెంటనే అమ్మేవాళ్ళని ప్రశ్నలడిగే గడిలో ఒక వాక్యం వచ్చింది. పంపినది అరవైరెండో నంబరే.

"పుస్తకం మీ దగ్గరే ఉందా?"

"ఉంది. సీలు పదిలంగా ఉంది" అని కొట్టాడు.

"పేజీలన్నీ ఉన్నాయా?"

"ముప్ఫై రెండూ ఉన్నాయి."

వెంటనే ఇంకొకటి వచ్చింది.

"పన్నెండో పేజీలో ఏముంది?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు. "సీలు వేసిన పుస్తకమండీ, తెరవకూడదు" అని కొట్టాడో లేదో, పక్కనున్న ఫోను మోగింది. నంబరు కనిపించలేదు.

"హలో?"

"పన్నెండో పేజీ నుంచి చదివి వినిపించండి."

గుసగుసలాంటి గొంతు. ఆడో మగో పోల్చుకోలేం. గాలి ఎక్కువ, మాట తక్కువ. పరుగెత్తి వచ్చిన మనిషి మాట్లాడినట్టుంది.

"ఎవరండీ మాట్లాడేది?"

"కొనేవాళ్ళం."

"చూడండీ, సీలు తీస్తే ధర నేల మీదికొస్తుంది. నష్టపోయేది మీరే."

"డబ్బాతో నాకు పనిలేదు. పదకొండు దాకా విన్నాను. పన్నెండు నుంచి... చదవండి."

తెర మీద అంకె మారింది. పదకొండు లక్షలు. ఆయన చూస్తుండగానే పద్నాలుగు. ఇరవై. ముందు నుంచీ ఉన్న ఇద్దరూ ఎప్పుడో తప్పుకున్నారు. అరవైరెండో నంబరు తన మీద తనే పాడుకుంటూ పోతోంది. ఇరవై లక్షలంటే మాటలా? ఈ పెట్రోలు వాసన పీల్చే బతుకు ఇవాళ్టితో సరి.

"తీశాక కాదంటే నేనేమైపోవాలి? రాసివ్వండి" అన్నాడు.

తెర మీద, ప్రశ్నల గడిలో, అక్షరాలు పడ్డాయి. "సీలు తీసినా నేనే తీసుకుంటాను."

ఇంకేం కావాలి? ఇనప్పెట్టె తెరిచి డబ్బా తీశాడు. ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీదుంచి, కత్తెరతో అంచు పగలగొట్టి, బ్లేడుతో సీలు కోశాడు. డబ్బా టప్పుమని విడిపోయింది.

పాత కాగితం వాసన రావాలి. రాలేదు. స్పిరిటూ, మందులూ, చాలారోజులుగా మార్చని పక్కబట్టలూ కలిసిన వాసన వచ్చింది. ఆస్పత్రి వాసన. బట్టల్లోంచేమోలే అనుకున్నాడు. ఎవరెవరి బట్టలో వస్తుంటాయి కదా.

పన్నెండో పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఆయన పైకి చదివి యాభై ఏళ్ళయింది. మొదట తడబడ్డాడు. దొర మంచు కప్పిన ఊళ్ళో దిగాడు. ఆ ఊళ్ళో ఒక పిల్ల తప్పిపోయింది. ఇంటింటికీ వెళ్ళి తలుపు తడుతున్నాడు. "ఎవరైనా ఉన్నారా లోపల?"

పేజీ అయింది. తిప్పబోతుంటే ఫోనులోంచి చిన్న చప్పుడు. తడి చప్పుడు. వేలు నాలుకకి ఆనించి తీసినట్టు.

ముందు గదిలో గొలుసు కిర్రుమని ఒక్క అడుగు కదిలి ఆగింది.

ఆయన తలెత్తి చూశాడు. చీకట్లో కోట్లు వరసగా వేలాడుతున్నాయి. కొంచెం ఊగుతున్నాయి. మీట పాతదైపోయింది, రేపు మార్పించాలి అనుకున్నాడు. గట్టిగానే అనుకున్నాడు.

పదమూడు. పద్నాలుగు. పేజీకో తడి చప్పుడు. పేజీకోసారి గొలుసు ఒక్క అడుగు... ఆగడం. పదిహేనో పేజీ సగంలో కరెంటు పోయింది. కంప్యూటరు తెర నల్లబడింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"కరెంటు పోయిందండీ. వచ్చాక మళ్ళీ..."

"చదువు."

చదవండి కాదు. చదువు.

ఆయన చెయ్యి ఫోను కోసం తడిమింది. లైటు వేద్దామని తీసి చూస్తే, కాల్ ముగిసిపోయి ఉంది. ముగిసి పది నిమిషాలయిందని చూపిస్తోంది. అంటే పన్నెండో పేజీ మొదలుపెట్టకముందే.

మరి ఇప్పుడు మాట్లాడింది...

బల్ల కింద ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

లేద్దామనుకున్నాడు. కుడి మోకాలి పక్కన ఏదో చల్లగా ఆనుకుని ఉంది. ఇంకో మోకాలు. బక్కచిక్కి, ఎముకే మిగిలిన మోకాలు. ఫోను లైటు కిందికి తిప్పే ధైర్యం లేకపోయింది. వెలుగు పుస్తకం మీద పెట్టి, చదివాడు.

పదహారు... పదిహేడు... ఆయన వేలు పేజీ మూలకి చేరేలోపే మూల లేచేది. పేజీ దానంతట అదే తిరిగేది. మూల తడిగా ఉండేది.

చలి. గొలుసు కదులుతూనే ఉంది. కరెంటు లేదు. అయినా కదులుతోంది. ఒక్కో అడుగు... ఒక్కో అడుగు... ఎవరో తమ నంబరు బట్ట కోసం వెతుక్కుంటున్నట్టు.

ముప్ఫై రెండో పేజీ. ఆఖరి బొమ్మలో దొర ఒక తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు కొంచెం తెరుచుకుంది. లోపలంతా నల్లగా వేశారు. కింద చిన్న అక్షరాలు. మిగతా వచ్చే సంచికలో.

"తర్వాత?"

ఈసారి గొంతు పోల్చుకోలేకపోవడమన్న ప్రశ్నే లేదు.

"పిచ్చుకా..." అన్నాడు. "లేదే. పద్దెనిమిది లేదు. చెదలు పట్టలేదు. అమ్మేశాను. అన్నీ అమ్మేశాను. నువ్వడిగిన రోజున ఇది ఇక్కడే ఉంది."

"తెలుసు. నువ్వే చెప్పావుగా."

ఆయన ఎవరికీ చెప్పలేదు. చచ్చినా ఎవరికీ చెప్పే మనిషి కాదు.

"ఎప్పుడే? నేనెప్పుడు..."

"అవన్నీ వద్దు. తర్వాత కథ చెప్పన్నయ్యా. ఆపకు." ఆ గుసగుసలో ఏదో తొందర. అప్పటిదాకా లేని తొందర. "నువ్వు చదువుతున్నంతసేపు ఉండొచ్చు. ఆపితే వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"పిలుస్తున్నాడు."

ముందు గదిలో ప్లాస్టిక్ కవర్లు కదిలాయి. గాలికి కదిలినట్టు కాదు. మనిషి భుజంతో తోసుకుంటూ బట్టల మధ్యలోంచి నడిచినట్టు. ఆగి, మళ్ళీ నడిచినట్టు.

"చెప్పన్నయ్యా! పుస్తకం లేకపోయినా పర్లేదు. గుర్తున్నంత చెప్పు. ఆ తలుపు వెనక ఏముంది?"

పద్దెనిమిదో సంచిక. షాపుకి తెచ్చాక తొమ్మిదేళ్ళు ఆయన పెట్టెలో ఉంది. చిన్నప్పుడు పాతిక సార్లు చదివి ఉంటాడు. ఆయన కళ్ళు మూసుకుని వెతికాడు. తలుపు వెనక... తలుపు వెనక... దొర లోపలికి వెళ్ళి... బొమ్మ ఒక్కటి రాలేదు. మాట ఒక్కటి రాలేదు. అట్ట మీద ఎడమ పక్క మడత ఉండేది, అది గుర్తుంది. పిన్నులు తుప్పు పట్టి ఉండేవి, అదీ గుర్తుంది. మార్కులు ఏడున్నర. ఎంతకి పోయిందో, ఏ నెలలో పోయిందో, ఎవరు కొన్నారో, అంతా గుర్తుంది.

"దొర... దొర లోపలికి వెళ్ళాడు. అక్కడ ఒక..."

కవర్ల చప్పుడు గది గుమ్మం దాకా వచ్చింది.

"ఒక దీపం..."

"దీపం లేదు అన్నయ్యా. నువ్వు మర్చిపోయావు."

ఆ మాటలో కోపం లేదు. అదే ఆయన తట్టుకోలేకపోయింది. గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. మగ గొంతు. "ఇక చాలు, రా" అంది ఆ గొంతు. ఎక్కడో విన్నట్టుంది. ఎప్పుడూ వింటున్నట్టుంది. ఎవరిదో మాత్రం ఆ క్షణాన తట్టలేదు.

ఆయన మోకాలి మీద చల్లటి వేళ్ళు బిగిశాయి. ఒక్కసారి. గట్టిగా. బల్ల కాలు పట్టుకుని వదలని పసిపిల్లలా. తర్వాత ఆ వేళ్ళని ఎవరో ఒక్కొక్కటే విడదీసినట్టు...

జారిపోయాయి.

ఆయన తలెత్తలేదు. పుస్తకంలోకే చూస్తూ కూర్చున్నాడు. ప్లాస్టిక్ కవర్ల మధ్యలోంచి ఇద్దరు నడిచి వెళ్ళిన చప్పుడు. ఒకరివి బూట్ల అడుగులు. ఇంకొకరివి నేల మీద ఈడ్చుకుపోతున్న అడుగులు. షట్టరు కింద ఒక్కసారి గాలి విసిరింది. అంతే.

ఎనిమిదింటికి కరెంటు వచ్చింది. వేలం ముగిసిపోయింది. పాడినవాళ్ళ పట్టికలో అరవైరెండో నంబరు లేదు. ప్రశ్నల గడి ఖాళీగా ఉంది. పుస్తకం నాలుగు లక్షల పదివేలకి ఇంకెవరికో పోయిందని తెర చెబుతోంది. బల్ల మీద పగిలిన డబ్బా, కోసిన సీలు.

పన్నెండు నుంచి ముప్ఫై రెండు దాకా పేజీల మూలలు తడిసి మెత్తబడ్డాయి. ఎందుకో వెనక్కి తిప్పి చూశాడు. మొదటి పదకొండు పేజీల మూలలు కూడా తడిసినవే. కాకపోతే అవి ఇవాళ తడిసినవి కావు. ఎప్పుడో తడిసి, ఆరి, పెళుసెక్కి వంకర తిరిగాయి. సీలు వేసేటప్పుడు అవి అలా లేవు. ఉంటే తొమ్మిది మార్కులు ఎవడిస్తాడు?

సీలు తీసేశానని చెబితే కొన్నాయన ఊరుకోలేదు. సీలు వేసిన సరుకని చూపించి విప్పినదాన్ని అంటగడతావా అని నానా మాటలూ అన్నాడు. వేలం సైటువాళ్ళు ఆయన్ని జాబితాలోంచి తీసేశారు. ఆ నలుగురైదుగురు స్నేహితులూ వీధిలో కనిపిస్తే అటు తిరిగి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఇక డాక్టరు లేడు, డ్రైక్లీనింగాయన ఒక్కడే మిగిలాడు. మూడు రోజులు షాపు తెరిచి, బట్టలు తీసుకుని, చీటీలు రాసిచ్చాడు. వెనక గదిలోకి మాత్రం వెళ్ళలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, కౌంటరు ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. చెల్లెలి భర్త. స్కూలు బస్సు నడుపుతాడు. ఒంటి మీద ఇంకా డ్రైవరు చొక్కా ఉంది. మూడు నెలల్లో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

"రావచ్చా బావగారూ?"

"రండి బావగారూ, కూర్చోండి." స్టూలు ముందుకి జరిపాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా.

అతను కూర్చోలేదు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "మీకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

"నాకా?"

"మీ మీద కోపం పెట్టుకున్నాను. చెల్లెలు చావుబతుకుల్లో ఉంటే ఒక్కరోజు తొంగిచూడని మనిషని పదిమందిలో అన్నాను. తప్పయిపోయింది. నిన్న కాగితాల కోసం ఆస్పత్రికెళితే నర్సమ్మ చెప్పింది." అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "రోజూ వచ్చేవారట కదా. నెల రోజులూ. నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఎనిమిదయ్యేది, మీరప్పటికే వెళ్ళిపోయేవారట. పక్కన కూర్చుని ఏదో బొమ్మల పుస్తకం చదివి వినిపించేవారట. రోజుకో నాలుగు ముక్కలు. వీళ్ళన్నయ్యకి ఎంత ప్రేమో అని వార్డంతా చెప్పుకునేవాళ్ళట. మీ చెల్లెలైనా నాతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పొద్దన్నాడు అన్నయ్య, అందట నర్సమ్మతో."

ఆయన కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"చివరి వారం మాత్రం మీరొస్తే గోడవైపు తిరిగి ఏడ్చేదట. ఇవాళ రానివ్వకండి, ఇవాళ ఒక్కరోజు రానివ్వకండి అని నర్సమ్మ చెయ్యి పట్టుకునేదట. జబ్బు మనిషి బావగారూ, తెలిసి అన్న మాటలు కావవి. మనసులో పెట్టుకోకండి."

అది నేను కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి చేతులు జోడించబోతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయనకి ఎవరూ దేనికీ దండం పెట్టలేదు. ఇప్పుడు కాదంటే ఈ దండం పోతుంది. పోతే, ఆ నెలంతా తనెక్కడున్నాడో చెప్పాలి.

"పర్లేదు బావగారూ" అన్నాడు. ఆ గొంతు తన చెవులకే వేరేలా వినిపించింది. నాలుగు రోజుల కిందట గుమ్మం దగ్గర విన్నది ఆ గొంతే.

చెల్లెలి భర్త కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీశాడు. "ఇంట్లో ఇంకెవరైనా నమ్మకపోతే చూపిద్దామని ఫొటో తీసుకొచ్చాను. చూడ్డానికొచ్చినవాళ్ళు సంతకాలు చేసే పుస్తకం ఇది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. గళ్ళ కాగితం. రోజుకో వరస. ప్రతి వరసలోనూ ఆయన పేరు, ఆయన రాత, ఆయన సంతకం. వచ్చిన టైము అయిదు. వెళ్ళిన టైము ఏడు. వేలితో పైకి జరుపుతూ ఆఖరి వరస దాకా వచ్చాడు. అది ఆమె పోయిన రోజు. వచ్చిన టైము దగ్గర అయిదు అని ఉంది. సంతకం ఉంది.

వెళ్ళిన టైము గడి ఖాళీగా ఉంది.

"ఆ హడావుడిలో రాయడం మర్చిపోయుంటారు" అన్నాడు చెల్లెలి భర్త.